మాక్స్ బోర్న్: ఒకే సత్యానికి రెండు గణిత భాషలు

సాహిత్య విద్యార్థులకు సుపరిచితమైన విషయం ఒకటి ఉంది. రామకథను రంగనాథ రామాయణం ద్విపదలో చెప్పింది. భాస్కర రామాయణం అదే కథను గద్యపద్యాలు కలిసిన చంపూ పద్ధతిలో చెప్పింది. ఛందస్సు వేరు, నడక వేరు, విన్నప్పుడు చెవికి కలిగే అనుభూతి వేరు. అయినప్పటికీ కథ ఒక్కటే. మన కళాశాలలో ఒకే ప్రకటన ఎడమ నుంచి కుడికి తెలుగులోను, కుడి నుంచి ఎడమకు ఉర్దూలోను కనిపించినప్పుడు, అవి రెండు వార్తలని ఎవరూ భ్రమపడరు.

గణిత భాషలో చెప్పిన శాస్త్ర సత్యం విషయంలో మాత్రం ఈ సంగతి అంత సులభంగా తేలలేదు. 1925, 1926 సంవత్సరాలలో పరమాణు ప్రపంచాన్ని వివరించడానికి ఐరోపాలో కొద్ది నెలల వ్యవధిలో రెండు గణిత పద్ధతులు వెలువడ్డాయి. ఒకటి సంఖ్యల పట్టికలతో నడిచేది, రెండవది తరంగ సమీకరణంతో నడిచేది. పైకి చూస్తే ఒకదానితో మరొకదానికి పొంతన లేదు. రెండింటి నుంచీ వచ్చే ఫలితాలు మాత్రం ఒక్కటే. ఇది ఎట్లా సంభవించింది? ఆ రెండింటికీ గల సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికేవారికి ఒక మహనీయుని జీవితం దారి చూపుతుంది. ఆయన మాక్స్ బోర్న్. మొదటి పద్ధతిని నిర్మించిన ముగ్గురిలో ఒకరైన ఆయనే రెండవ పద్ధతికి అర్థం చెప్పినవారు కావడం శాస్త్ర చరిత్రలో అరుదైన విషయం. ఆ మహనీయుని జీవితాన్ని మన విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

బాల్యం, విద్యాభ్యాసం

మాక్స్ బోర్న్ 1882 డిసెంబరు 11వ తేదీన బ్రెస్లావ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నాడు జర్మనీలో ఉన్న ఆ నగరం ఇప్పుడు పోలండ్ దేశంలో వ్రోత్సవావ్ అనే పేరుతో ఉంది. తండ్రి గుస్తావ్ బోర్న్ ఆ నగర విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవారు. నాలుగేండ్ల ప్రాయంలో తల్లిని, పదిహేడేండ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్న బోర్న్‌కు చదువే ఆలంబనమైంది.

బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో యాకోబ్ రోజానెస్ అనే ఆచార్యుని వద్ద ఆయన మాత్రికల బీజగణితం నేర్చుకున్నారు. మాత్రిక అంటే అడ్డు వరుసలలోను, నిలువు వరుసలలోను అమర్చిన సంఖ్యల పట్టిక. ఆనాటి భౌతిక శాస్త్రవేత్తలకు ఆ విద్యతో పెద్దగా పని లేదు. ఆ పాఠం ఇరవై ఏండ్లకు పైగా మనసు అడుగున నిలిచి, ఒకనాడు ఆయనకు ఎట్లా అక్కరకు వచ్చిందో ముందు చూడగలం.

హైడెల్‌బర్గ్, జ్యూరిచ్ నగరాలలో కొంతకాలం చదివిన పిదప, 1904లో ఆయన గోటింగెన్ చేరారు. క్లైన్, హిల్బర్ట్, మింకోవ్‌స్కీ అనే ముగ్గురు మహా గణితవేత్తలతో ఆ చిన్న పట్టణం అప్పుడు గణిత ప్రపంచానికి రాజధానిగా వెలుగొందుతూ ఉంది. హిల్బర్ట్ తన ఉపన్యాసాలను శుభ్రంగా వ్రాసిపెట్టే పని ఈ యువకునికి అప్పగించారు. గురువు చెప్పినదాన్ని స్పష్టమైన రూపంలో పెట్టే అలవాటు ఆయనకు అక్కడే అబ్బిందని చెప్పవచ్చు.

1913లో ఆయన హెడ్విగ్ ఎరెన్‌బర్గ్‌ను వివాహమాడారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్‌లో పనిచేస్తూ ఐన్‌స్టైన్‌కు ఆప్తమిత్రులయ్యారు. ఐన్‌స్టైన్ వయొలిన్ వాయిస్తే బోర్న్ పియానో వాయించేవారు. 1919లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోను, 1921లో గోటింగెన్‌లోను ఆచార్య పదవి స్వీకరించారు. గోటింగెన్‌లో ఆయన చుట్టూ చేరిన యువకుల పేర్లు చూస్తేనే ఆ గురువు గొప్పతనం తెలుస్తుంది. పౌలీ, హైజెన్‌బర్గ్, జోర్డాన్ ఆయన వద్ద పనిచేశారు. ఓపెన్‌హైమర్, మరియా గెప్పర్ట్ మేయర్ ఆయన పర్యవేక్షణలోనే డాక్టరేట్ పొందారు.

పట్టికల భాష

పరమాణువును గురించి నీల్స్ బోర్ 1913లో చేసిన సిద్ధాంతం హైడ్రోజన్ విషయంలో చక్కగా ఫలించింది. కాని అంతకంటే క్లిష్టమైన పరమాణువుల దగ్గర అది తడబడింది. పాత బలశాస్త్రానికి అక్కడక్కడ అతుకులు వేస్తే చాలదనీ, పునాది నుంచి కొత్త శాస్త్రం కావాలనీ బోర్న్ గ్రహించారు. దానికి క్వాంటం యాంత్రిక శాస్త్రం అనే పేరును 1924లో తన పరిశోధన పత్రం శీర్షికలో వాడినవారు ఆయనే. నామకరణం ముందు జరిగింది, శిశువు మరుసటి ఏడు జన్మించింది.

1925 జూలైలో ఇరవై మూడేండ్ల హైజెన్‌బర్గ్ ఒక వ్యాసం తెచ్చి బోర్న్ చేతికిచ్చాడు. పరమాణువులో ఎలక్ట్రాన్ ఏ కక్ష్యలో తిరుగుతున్నదో ఎవరూ చూడలేరు. చూడగలిగేది అది వెలువరించే కాంతి మాత్రమే. ఆ కాంతి తరచుదనం, తీవ్రత అనే వాటితోనే శాస్త్రం నిర్మించాలని హైజెన్‌బర్గ్ సంకల్పం. పరమాణువు ఒక శక్తి స్థాయి నుంచి మరొక స్థాయికి మారినప్పుడు కాంతి వెలువడుతుంది కనుక, ప్రతి రాశికీ రెండేసి స్థాయిలు గుర్తులుగా ఉంటాయి. అటువంటి రాశులను గుణించడానికి అతడు ఒక వింత నియమం కనిపెట్టాడు. ఆ నియమం ప్రకారం మొదటిదానిని రెండవదానితో గుణిస్తే వచ్చే ఫలం, రెండవదానిని మొదటిదానితో గుణిస్తే రాదు. ఇది అతనికే ఇబ్బందిగా తోచింది.

బోర్న్ ఆ వ్యాసాన్ని ప్రచురణకు పంపారు. కాని ఆ గుణకారం ఆయనకు నిద్ర పట్టనీయలేదు. ఎక్కడో చూచినట్లుంది. కొన్ని దినాల మథనం తరువాత బ్రెస్లావ్‌లో రోజానెస్ చెప్పిన పాఠం జ్ఞప్తికి వచ్చింది. అవి మాత్రికలు! ఆనాటికి మాత్రిక అంటే ఏమిటో హైజెన్‌బర్గ్‌కు తెలియదు. తెలియకుండానే మాత్రికల గుణకారాన్ని అతడు తిరిగి కనిపెట్టాడు.

మాత్రికల గుణకారంలో క్రమం మారితే ఫలం మారడం సహజం. నిత్యజీవితంలోనూ ఇటువంటివి లేకపోలేదు. బియ్యం కడిగి వండడం, వండి కడగడం ఒకటి కావు కదా! ఎలక్ట్రాన్ స్థానాన్ని, ద్రవ్యవేగాన్ని రెండు మాత్రికలుగా వ్రాసి, రెండు క్రమాలలోనూ గుణించి, ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తే మిగిలేది సున్న కాదు. ప్లాంక్ స్థిరాంకంతో కూడిన ఒక నియత రాశి మిగులుతుంది. పట్టికలో మూల నుంచి మూలకు పోయే కర్ణం మీది సంఖ్యలను బోర్న్ లెక్కించారు. మిగిలిన గళ్లన్నీ సున్నలై ఉండాలని ఊహించారు, కాని నిరూపించలేకపోయారు.

సహాయం కోసం, హానోవర్‌కు వెళ్లే రైలులో తన పూర్వ సహాయకుడు పౌలీని అడిగారు. ఇంత గణిత జటిలత భౌతిక భావాలను చెరుపుతుందని పౌలీ తిరస్కరించాడు. అప్పుడు జోర్డాన్ అనే మరొక యువకుడు ముందుకు వచ్చి కొద్ది రోజులలోనే ఆ నిరూపణ సాధించాడు. సెప్టెంబరులో బోర్న్, జోర్డాన్‌ల వ్యాసం, నవంబరులో హైజెన్‌బర్గ్‌తో కలిసి ముగ్గురి వ్యాసం పత్రికకు చేరాయి. మాత్రికా యాంత్రిక శాస్త్రం ఒక సమగ్ర రూపం ధరించింది. ఇంగ్లండులో డిరాక్ కూడా అదే సమయంలో తన సొంత మార్గంలో అవే నియమాలను చేరుకున్నాడు. ముందు నిరాకరించిన పౌలీయే ఈ పద్ధతితో హైడ్రోజన్ పరమాణువు శక్తి స్థాయిలను సాధించి చూపడం కాలం చేసిన చమత్కారం.

తరంగాల భాష

1925 శీతకాలంలో బోర్న్ అమెరికాకు వెళ్లారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో గణితవేత్త నార్బర్ట్ వీనర్‌తో కలిసి, మాత్రికలకు లొంగని సమస్యల కోసం మరింత విశాలమైన ఒక పద్ధతిని రూపొందించారు. ఒక ప్రమేయాన్ని మరొక ప్రమేయంగా మార్చే క్రియకు ఆపరేటర్ అని పేరు. వారు ఈ ఆపరేటర్ల బాటలో తరంగ పద్ధతి గడప దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే ఆగిపోయారు.

ఆ అడుగు వేసినవారు జ్యూరిచ్‌లోని ష్రోడింగర్. పదార్థ కణాలకు కూడా తరంగ స్వభావం ఉందని 1924లో ఫ్రెంచి శాస్త్రవేత్త డి బ్రోయ్ చేసిన ప్రతిపాదనను ఆధారం చేసుకొని, 1926 తొలి నెలలలో ఆయన తన ప్రసిద్ధ సమీకరణాన్ని ప్రకటించారు. అది భౌతిక శాస్త్రవేత్తలకు చిరపరిచితమైన అవకలన సమీకరణం. బిగించిన వీణ తీగ కొన్ని నియతమైన స్వరాలనే పలికినట్లు, పరమాణువులోని తరంగం కొన్ని నియతమైన శక్తులనే అంగీకరిస్తుంది. పౌలీ ఎంతో శ్రమించి మాత్రికలతో సాధించిన హైడ్రోజన్ ఫలితం ఇందులో పరిచిత మార్గంలో వచ్చింది. శాస్త్రలోకం ఊపిరి పీల్చుకుంది.

కాని రెండు శిబిరాల మధ్య సుహృద్భావం కరవైంది. మాత్రికల బీజగణితం ష్రోడింగర్‌కు వికర్షణ కలిగించింది. కన్నులకు కట్టే తరంగ చిత్రం హైజెన్‌బర్గ్‌కు అర్థరహితంగా కనిపించింది. ఒకదానిలో ఎగుడుదిగుడు గంతులు, మరొకదానిలో ఎడతెగని ప్రవాహం. ఇవి రెండూ ఒకే సంఖ్యలను ఎందుకు ఇస్తున్నాయి?

1926 మార్చిలో ష్రోడింగరే దీనికి సమాధానం చెప్పారు. అమెరికాలో ఎకార్ట్, ఒక ఉత్తరంలో పౌలీ కూడా విడివిడిగా అదే నిర్ణయానికి వచ్చారు. దాని సారాంశాన్ని వీణ తీగ ఉపమానంతోనే గ్రహించవచ్చు. తీగను మీటినప్పుడు వచ్చే నాదంలో ఒక మూల స్వరం, దానిపై అనేక అనుస్వరాలు కలిసి ఉంటాయి. ఏ స్వరం పాలు ఎంత అని వరుసగా వ్రాసుకుంటే ఒక సంఖ్యల జాబితా వస్తుంది. ఆ జాబితా చేతిలో ఉంటే తీగ ఆకృతిని తిరిగి గీయవచ్చు. కనుక తరంగం, జాబితా అనేవి ఒకే వస్తువుకు రెండు వ్రాతలు. అట్లే, తరంగాన్ని మార్చే ఏ ఆపరేటర్ అయినా, ఒక్కొక్క స్వరం మీద అది చేసే పనిని గళ్లలో నింపితే మాత్రికగా మారుతుంది. ద్రవ్యవేగం తరంగ భాషలో ఒక అవకలన క్రియ. పట్టికల భాషలో ఒక మాత్రిక. క్రమం మారితే ఫలం మారడం రెండింటిలోనూ ఉంది. బోర్న్ కనిపెట్టిన భేద నియమం రెండింటిలోనూ అక్షరాలా నిలుస్తుంది.

సంభావ్యత

రెండు భాషలూ ఒక్కటే అయితే ఏదో ఒకటి నేర్చుకుంటే చాలదా అని విద్యార్థులు అడగవచ్చు. బోర్న్ జీవితంలోని ముఖ్య ఘట్టమే దీనికి జవాబు.

మాత్రికలు స్థిరమైన పరమాణువులోని శక్తి స్థాయిలను చెప్పడానికి అనువైనవి. కాని గోటింగెన్‌లో బోర్న్ పక్కనే ఆయన మిత్రుడు జేమ్స్ ఫ్రాంక్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లు పరమాణువులను ఢీకొనే ప్రయోగాలు జరుగుతూ ఉండేవి. దూరం నుంచి ఒక కణం వచ్చి, ఢీకొని, మరొక దిశకు పోయే ఈ సంఘటనను వర్ణించడానికి నాటి మాత్రికా పద్ధతిలో వీలైన మార్గం లేదు. బోర్న్ సంకోచించలేదు. తాను కట్టిన ఇంటిని విడిచి, ష్రోడింగర్ సమీకరణాన్ని చేపట్టారు. ఇది హైజెన్‌బర్గ్‌కు రుచించలేదు.

1926 జూన్‌లో పత్రికకు చేరిన ఆ వ్యాసంలో బోర్న్ ఒక మహత్తర భావం ప్రతిపాదించారు. ష్రోడింగర్ అనుకున్నట్లు ఆ తరంగం నీటి అల వంటి పదార్థపు అల కాదు. కణం ఒక దిశలో పోవడానికి గల సంభావ్యతను తెలిపే సాధనం మాత్రమే. సంభావ్యత తరంగ పరిమాణానికి సమానమని మొదట వ్రాసి, అచ్చు చిత్తు దిద్దేటప్పుడు, దాని వర్గానికి సమానమని అడుగు జ్ఞాపికలో సవరించారు. ఇరవైయవ శతాబ్దపు భౌతిక శాస్త్రాన్ని మార్చివేసిన నియమం ఒక అడుగు జ్ఞాపికగా లోకంలో ప్రవేశించింది!

ఈ భావంతో మాత్రికల గంతులకు, తరంగాల ప్రవాహానికి సమన్వయం కుదిరింది. తరంగం అవిచ్ఛిన్నంగా ప్రవహిస్తుంది. కొలిచినప్పుడు కనిపించేది మాత్రం ఒక్కొక్క కణం, ఒక్కొక్క గంతు. ప్రవహించేది సంభావ్యత, గంతు వేసేది సంఘటన. ప్రకృతి మూలంలోనే యాదృచ్ఛికత ఉందనే ఈ మాటను ఆప్తమిత్రుడైన ఐన్‌స్టైన్ అంగీకరించలేదు. ఆ వాదం వారి ఉత్తరాలలో 1955లో ఐన్‌స్టైన్ మరణించే వరకు సాగింది. వారి స్నేహం మాత్రం చెడలేదు.

తరువాత ఈ శాస్త్రానికి పటిష్ఠమైన ఆకృతి ఏర్పడింది. ఒక భాష నుంచి మరొక భాషకు మార్చే సాధారణ సూత్రాలను డిరాక్, జోర్డాన్ ఏర్పరచారు. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన నిరూపణలోని వెలితిని వాన్ న్యూమన్ పూరించి, 1932లో ఒక గ్రంథం వెలువరించాడు. హిల్బర్ట్ పేరుతో పిలిచే ఒక అమూర్త అంతరాళంలోని సదిశయే అసలు వస్తువనీ, మాత్రికలు, తరంగాలు దానిని వ్రాసే పద్ధతులనీ అందులో తేల్చాడు. కాలంతోపాటు రాశులు మారుతున్నాయని హైజెన్‌బర్గ్ మార్గం చెబుతుంది, స్థితి మారుతున్నదని ష్రోడింగర్ మార్గం చెబుతుంది. రైలు ముందుకు పోతున్నదన్నా, చెట్లు వెనుకకు పోతున్నవన్నా, ఎడం మారినది ఒక్కటే కదా! 1948లో ఫైన్‌మన్, కణం పోగల మార్గాలన్నింటి మీదా మొత్తం తీసే మూడవ పద్ధతిని విశదీకరించాడు. దాని ఫలితాలు కూడా ఇవే. అయితే ఈ ఏకత్వానికి ఒక హద్దు ఉంది. పరిమితమైన కణాలు గల వ్యవస్థలకు ఇది నిస్సందేహంగా వర్తిస్తుంది. క్షేత్రాల వంటి అనంత వ్యవస్థలలో మాత్రం, మూల నియమాలు ఒకటే అయినా, ఒకదానిలోనికి ఒకటి మార్చరాని రూపాలు ఉన్నాయి.

1930లో బోర్న్, జోర్డాన్‌లు కలిసి ఒక పాఠ్యగ్రంథం వ్రాశారు. ష్రోడింగర్ సమీకరణం జోలికి పోకుండా కేవలం బీజగణితంతోనే విషయమంతా చెప్పాలని వారి పట్టుదల. ఆ గ్రంథం నిలువలేదు. పౌలీ దానిని సమీక్షిస్తూ కాగితాన్ని, అచ్చును మెచ్చుకున్నాడు. రెండు భాషలు వాడినప్పుడు శిఖరం అధిరోహించిన బోర్న్, ఒకే భాషకు కట్టుబడినప్పుడు జారారు. ఇది గమనింపదగిన విషయం.

ప్రవాసం

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఏప్రిల్‌లో యూదు ఆచార్యుల తొలగింపు ప్రారంభమైంది. తొలగించబడిన వారి జాబితాలో బోర్న్ తన పేరును వార్తాపత్రికలో చూచుకున్నారు. పన్నెండేండ్లు పెంచిన విద్యాపీఠం ఒక్క ఉత్తరువుతో చేజారింది. ఆయనతో కలిసి మాత్రికలను మలచిన జోర్డాన్ ఆ ఏడే నాజీ పార్టీలో చేరాడు. అదే సంవత్సరం హైజెన్‌బర్గ్‌కు నోబెల్ బహుమానం ప్రకటించారు. ముగ్గురూ కలిసి చేసిన పనికి తానొక్కడే బహుమానం పొందడం మనసును బాధిస్తున్నదని హైజెన్‌బర్గ్ గురువుకు ఉత్తరం వ్రాశాడు.

బోర్న్ కుటుంబం ఇటలీ పర్వత ప్రాంతానికి, అక్కడి నుంచి కేంబ్రిడ్జికి చేరింది. అక్కడి కొలువు తాత్కాలికం. ఆ స్థితిలో సర్ సి. వి. రామన్ ఆహ్వానం అందింది. 1935-36లో బోర్న్ దంపతులు దాదాపు ఆరు నెలలు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గడిపారు. ఆయనకు అక్కడ శాశ్వతంగా ఆచార్య పదవి కల్పించాలని రామన్ ఎంతో ప్రయత్నించారు. కాని అధ్యాపకుల సమావేశంలో ఒక ఆంగ్లేయ ఆచార్యుడు, స్వదేశం వెళ్లగొట్టిన రెండవ తరగతి మనిషి ఈ సంస్థకు తగడన్న భావంతో మాట్లాడాడు. ఆ సభలో కూర్చుని ఆ మాటలు విన్న బోర్న్ హృదయం గాయపడింది. పదవి మంజూరు కాలేదు. అంతటి శాస్త్రవేత్తను నిలుపుకొనే అవకాశం మన దేశానికి అట్లా తప్పిపోయింది.

1936లో ఎడింబరో విశ్వవిద్యాలయం ఆయనను ఆదరించింది. 1953లో పదవీ విరమణ చేసే వరకు అక్కడే బోధించారు. యుద్ధకాలంలో పూర్వ శిష్యులు పలువురు అణుబాంబు నిర్మాణంలో పాల్గొన్నా, ఆయన ఆ పనికి దూరంగా ఉన్నారు. ఆ పిదప స్వదేశానికి తిరిగి వెళ్లి బాడ్ పిర్మాంట్ అనే పట్టణంలో స్థిరపడ్డారు. 1954లో, సంభావ్యతా నియమం వెలువడిన ఇరవై ఎనిమిదేండ్లకు, డెబ్బై ఒకటవ ఏట, వాల్టర్ బోథేతో కలిసి నోబెల్ బహుమానం అందుకున్నారు. 1955లో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా రసెల్, ఐన్‌స్టైన్‌లు వెలువరించిన ప్రకటన మీద, 1957లో పశ్చిమ జర్మనీ అణ్వస్త్రాలు ధరించరాదని పద్దెనిమిది మంది శాస్త్రవేత్తలు చేసిన ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. 1970 జనవరి 5వ తేదీన గోటింగెన్‌లో తుదిశ్వాస విడిచారు.

బోర్న్ జీవితం నుంచి మేము గ్రహించినది ఇది. రెండు గణిత భాషలు సమానమని నిరూపించడం ఒక ఎత్తు. సమస్యకు తగిన భాషను, అది ప్రత్యర్థిదైనా సరే, చేతిలోకి తీసుకోగలగడం మరొక ఎత్తు. భాషలు సమానార్థకాలు కావచ్చును గాని, ఒకదానిలో మరుగుపడినది మరొకదానిలో వెలుగు చూస్తుంది. సంభావ్యత అనే అర్థం పట్టికలలోనూ ఉంది, కాని అది తరంగాలలోనే ముందుగా బోర్న్ కంటబడింది. ఒక విషయాన్ని ఒకే మార్గంలో నేర్చి తృప్తి పడే విద్యార్థులు ఈ సంగతిని ఆలోచింపవలెను. ఆనాడు పరీక్షకు తప్ప పనికిరాదనిపించిన రోజానెస్ పాఠం ఏనాటికి ఫలించిందో కూడా మరువరాదు.

గోటింగెన్ శ్మశానవాటికలో బోర్న్ సమాధి మీద ఆయన పేరుతోపాటు ఒక చిన్న సమీకరణం చెక్కి ఉంది. అది స్థానానికి, ద్రవ్యవేగానికి సంబంధించి 1925లో ఆయన కనిపెట్టిన భేద నియమం. దానిని మాత్రికలుగా చదివినా నిజమే, తరంగాల మీది ఆపరేటర్లుగా చదివినా నిజమే.